పెట్టె మీది శాలువా

జనగామలో ముప్పై ఏళ్లుగా స్పీకరు పెట్టెలు కడుతున్న రవీందర్, మూడేళ్ల కిందట మానుకోటలో దుకాణం తెరిచిన ఉపేందర్: ఈ ఇద్దరిలో ఎవరి పెట్టెలు భూపాలపల్లి పద్యాల సారు ఇంట నిలవాలో ఆదివారం తేల్చేద్దామని సారు భార్య కమలాదేవమ్మ కబురు పంపిందనీ, పోవద్దని మనసు, పోక తప్పదని పరువు చెరొక చెయ్యి పట్టి లాగుతుండగా రవీందర్ భార్య సరోజనతో కలిసి కారెక్కాడనీ చదువరులు ఎరిగినదే. సారు కాలం చేసి మూడేళ్లు నిండాయి. పోయేముందు ఆయన ఒక క్యాసెట్టు నింపి, దాని మీద ‘రవీందర్‌కు’ అని తన గుండ్రని అక్షరాలతో రాసి, తన గొంతు తన గొంతులాగే వినిపించే పెట్టె ఇంటికి వచ్చిన నాడే దానిని వినిపించమని భార్యకు అప్పగించిపోయారు. ఆ మాటే రవీందర్ గుండెలో ముల్లై కూర్చున్నది. సారు హాలులో ఏడేళ్లుగా ఉన్నవి తన చేతి పెట్టెలే కదా. మరి ఆ క్యాసెట్టు ఇంతకాలం బీరువాలో మూగగా ఎందుకు పడి ఉన్నది?

సారు ఇంటి గడప దాటగానే అతని చూపు మొదట తన పెట్టెల మీదికే పోయింది. రెండూ తూర్పు గోడకు ఆనుకొని, టేకు చెక్క మెరుపుతో, నిలువెత్తున నిలబడి ఉన్నాయి. ఒకే శాలువాను రెండు ముక్కలుగా కత్తిరించి అంచులు కుట్టించి, ఒక్కొక్క పెట్టె ముఖం మీదికి దిగేటట్టు కప్పి ఉన్నది. ఏదో సాహిత్య సభలో సారుకు కప్పిన శాలువా అది. తనకు జరిగిన సన్మానాన్ని శిష్యుని పనికి కప్పిన గురువు మరెక్కడైనా ఉన్నాడా? ఏడేళ్లుగా దుకాణానికి వచ్చినవారికెల్ల రవీందర్ ఆ కథ చెప్పకుండా టీ తాగించలేదు. తరువాతి కాలంలో దేవరుప్పులలో, మొగుళ్లపల్లిలో తాను కట్టిన పెట్టెల మీద కూడా తువ్వాలలు గాని పాత పట్టుగుడ్డలు గాని కనిపిస్తే, సారు చూపిన మర్యాద ఊరూరా ఆచారంగా మారిందని లోలోపల పొంగిపోయేవాడు.

ఆ పెట్టెల పక్కనే ఉపేందర్ పెట్టెలు అప్పటికే దిగి ఉన్నాయి. పొట్టివి, రంగు లేనివి, అంచులు గరుకు. ఉపేందర్‌కు ముప్పై ఏళ్లుంటాయి. గంగారం అవతలి తండాలో పుట్టి, మానుకోటలో చదివి, పాటల పిచ్చితో ఈ పనిలోకి దిగినవాడు. రవీందర్‌ను చూడగానే లేచి నిలబడి నమస్కరించి, అన్నా బాగున్నవా అని అడిగాడు. ఆ మర్యాదలో వెతికినా వంక దొరకకపోవడం రవీందర్‌కు మరింత కష్టంగా తోచింది.

మనిషిని లోపలి నుంచి తినే ఆరుగురు శత్రువులలో పెద్దలు మాత్సర్యాన్ని చివర నిలబెట్టారు. చివరనున్నది చిన్నదని కాదు, తక్కిన ఐదింటినీ తోలుకొచ్చేది వెనకనే నడుస్తుందని. కామానికి ఒక సుఖమైనా ఉన్నది, క్రోధానికి ఒక ఉపశమనమైనా ఉన్నది. మాత్సర్యానికి ఏమున్నది? ఎదుటివాని విస్తరిలోకి చూస్తూ తన అన్నం చల్లార్చుకోవడమే.

పెట్టెలో బిగించే గుండ్రటి స్పీకరును పనివాళ్లు డ్రైవర్ అంటారు. బరువైన ధ్వనికి పెద్దది, సన్నని ధ్వనికి చిన్నది. చిన్నదాని పేరు ట్వీటర్. వీటిని ఎంచడంలోనే పనివాని విద్య అంతా తెలుస్తుంది. రవీందర్ పద్ధతి జనగామలో అందరికీ ఎరుకే. కొత్త డ్రైవర్లను దుకాణం దూలానికి వరుసగా వేలాడదీసి, సారు చదివిన ఒకే పద్యాన్ని ఒక్కొక్క దానిలో వినిపిస్తాడు. పద్యం చివర తాళాలు మోగుతాయి. ఏ ట్వీటర్‌లో ఆ తాళాల మోత తన చెవిలో ఎక్కువసేపు నిలిస్తే అదే ఎంపిక. ఉపేందర్‌ను అడిగితే, ఒకే కంపెనీ ట్వీటర్లు ఎనిమిది తెప్పించి, ఒక్కొక్క దానినీ మైకు ముందు పెట్టి కొలిచి, ల్యాప్‌టాప్ మీద వచ్చిన ధ్వని గీతలు కలిసిన రెండింటిని తీసుకున్నానని చెప్పాడు.

“పెండ్లిచూపులాయెనా తమ్మీ?” అన్నాడు రవీందర్.

“పెండ్లిచూపులే అన్నా. ఎనిమిదిట్ల రెండిటికే జాతకం కలిసింది.”

కమలాదేవమ్మ నవ్వింది. ఆ ముసలి నోట నవ్వు వినడానికి ఇన్నాళ్లుగా పండుగ పండుగకూ జనగామ నుంచి వస్తున్నవాడు రవీందర్. ఈవేళ ఆ నవ్వు రెండు మాటలకే వేరొకని పాలైంది.

ఉపేందర్ సంచిలో నుంచి వేలెడంత సన్నని మైకును తీశాడు. వినేవాని చెవులు ఎక్కడ ఉంటాయో మైకు అక్కడే ఉండాలని, ఈ హాలులో వినే చోటు ఏదని అడిగాడు. కమలాదేవమ్మ చెయ్యి సారు కుర్చీ వైపు తిరిగింది. పేము అల్లిన ఆ వాలుకుర్చీలో సారు పోయిన తరువాత ఎవరూ కూర్చోలేదు. ఆయన ఉన్నప్పుడు రవీందర్ దాని పాదాల దగ్గర చాప మీదే కూర్చున్నాడు. పద్యంలో ‘శ’కారం ‘స’కారం వేరువేరుగా వినడం అక్కడే నేర్చుకున్నాడు.

“అందుల పెట్టు బిడ్డా,” అన్నదామె.

బిడ్డా. ముప్పై ఏళ్లుగా ఈ ఇంట ఆ పిలుపుకు పలికినవాడు తానొక్కడే. ఉపేందర్ చెప్పులు విడిచి, కుర్చీకి మొక్కి, మైకును తల ఆనేచోట నిలబెట్టాడు. అగ్రపూజ మరొకరికి జరిగిన సభలో కూర్చున్న రాజు ముఖం ఎట్లుంటుందో అట్లున్నది రవీందర్ ముఖం. మనిషి కూర్చున్నా ఇంత బాధ లేకపోవును. తాను ఏనాడూ కూర్చోవడానికి సాహసించని కుర్చీలో ఒక ఇనుపకడ్డీ కూర్చున్నది.

ముందు రవీందర్ పెట్టెలనే కొలుద్దామని, పెద్దవాడు గనుక ఆ మర్యాద అన్నదేనని ఉపేందర్ అన్నాడు. గట్టిగా మోగింది బాగున్నట్టు చెవిని మోసం చేస్తుంది గనుక నాలుగు పెట్టెలకూ ఒకే స్థాయి పెడుతున్నానని చెప్పాడు. ఆ నియమం సారు చెప్పిందే. తనకు చెప్పిన మాట వీనికెట్లా తెలిసిందన్న అనుమానం కూడా రవీందర్‌కు నిప్పురవ్వలాగే తగిలింది. అతడే లేచి, పూజామందిరం తెర తీసినంత భక్తిగా శాలువాలను తీసి, మడిచి భుజాన వేసుకున్నాడు.

నేల అదిరే గుమ్మనే ధ్వనితో మొదలై, శంఖమై, వేణువై, ఈలై, ఒకే స్వరం ఆగకుండా పైపైకి పోతుందని, అది పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడవద్దని ఉపేందర్ చెప్పాడు. మీట నొక్కాడు. ధ్వని నేల నుంచి లేచింది. తన పెట్టె గొంతు ఎంత నిండుగా ఉన్నదో రవీందర్ కళ్లు మూసుకొని విన్నాడు. శంఖం పోయింది, వేణువు పోయింది, ఈల సన్నబడి సన్నబడి దారంలా తెగింది.

“ఐపోయింది గద? చూపియ్యి నీ గీత,” అన్నాడు.

కళ్లు తెరిచేసరికి సరోజన రెండు చెవులలో వేళ్లు పెట్టుకొని ఉన్నది. కమలాదేవమ్మ ముఖం ముడుచుకున్నది. ఉపేందర్ అరచెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు సైగ చేస్తున్నాడు. తరువాత చెయ్యి దించి, మాట పడ్డది అన్నా, జర మల్ల తీద్దాం అని మెల్లగా అన్నాడు.

రెండవసారి రవీందర్ నోరు మూసుకున్నాడు, కళ్లు మూసుకోలేదు. ఈల తెగింది. సరోజన వేళ్లు చెవులలోనే ఉన్నాయి. అతడు మనసులో లెక్కపెట్టాడు: ఒకటి, రెండు, మూడు, నాలుగు. అప్పుడు ఆమె వేళ్లు దిగాయి. ఆ నాలుగు లెక్కల కాలం ఆ గదిలో ఏదో మోగింది. అందరూ విన్నారు. చాప మీద కూర్చొని చెవిని విద్యగా చేసుకున్నవాడు ఒక్కడే వినలేదు.

ల్యాప్‌టాప్ మీద గీత వచ్చింది. గొంతు పలికే మేరలో అది వానకు తడిసి ఆరిన బాటలాగ సాపుగా ఉన్నది. ఆ తరువాత, సన్నని ధ్వనుల చోట, నిటారుగా గుట్టలాగ లేచింది.  ఉపేందర్ రవీందర్ భుజం మీది శాలువాలను అడిగి తీసుకొని, పెట్టెలకు తిరిగి కప్పి, మరొకసారి కొలిచాడు. గుట్ట కరిగి నేలలో కలిసిపోయింది.

“శాలువా గూడ పెట్టెల భాగమే అన్నా,” అన్నాడు ఉపేందర్, తెర మీది నుంచి చూపు తిప్పకుండా. “నువ్వు దాన్ని లెక్కవెట్టే చేసినవు. మధ్యల గొంతు ఉన్నకాడ నీ గీత నాదానికంటే సాపున్నది. అంత నిదానం నాకు రాలే.”

చివరి మాటలు నిజమే. మొదటి మాట అబద్ధమని చెప్పినవానికీ తెలుసు, విన్నవానికీ తెలుసు. తన అవమానం మీద ప్రత్యర్థి కప్పిన గుడ్డ అది. ఎగతాళి చేసి ఉంటే రవీందర్ తిప్పికొట్టేవాడు. ఈ దయకు ఏ వైపు నుంచి ఎదురు తిరగాలో తెలియక, అతడు కమలాదేవమ్మ వైపు తిరిగాడు.

“అమ్మా, సారు శాలువా ఎందుకు కప్పిండు?”

ఆమె కొంగుతో కళ్లజోడు తుడుచుకున్నది. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచింది.

“పెట్టెలు తెచ్చిన మొదటి దినమే సారు విన్నడు బిడ్డా. గొంతు మంచిగున్నది గని తాళాలు మోగితే చెవుల సూదులు గుచ్చినట్టున్నదన్నడు. గుడ్డ అడ్డమేసి చూసిండు. సాదా గుడ్డ వేస్తే నీకు అనుమానమొస్తదని శాలువా కత్తిరించిండు. రవీందర్‌కు చెప్పకు, వాని బతుకంతా ఆ చెవి మీదనే ఉన్నదన్నడు.”

గదిలో ఫ్యాను తిరిగే సవ్వడి తప్ప మరేమీ లేదు. సవ్వడి అంతేనా, అంతకు మించి కూడా ఏదైనా ఉన్నదా అని రవీందర్‌కు మొట్టమొదటిసారి సందేహం కలిగింది. భార్య వైపు చూశాడు. నీకు తెలుసా అని నోటితో అడగలేదు.

“మనింట్ల పెట్టెకు గూడ నువ్వు దుకాణం పోయినంక తువ్వాల అడ్డమేస్త,” అన్నది సరోజన. “పొలాలకు మందులు కొట్టి కొట్టి కీచురాళ్లు సచ్చినయి అంటవు చూడు. సావలే. మన వాకిట్లనే ఉన్నయి.”

దేవరుప్పుల తువ్వాల, మొగుళ్లపల్లి పట్టుగుడ్డ ఒక్కొక్కటే అతని కళ్ల ముందు లేచి, ముడుచుకున్న ముఖాలుగా మారాయి. చెవి ముదిరిన కొద్దీ పదునైన ట్వీటర్లను ఏరి ఏరి బిగిస్తూ వచ్చాడు. వినలేనివాడు వినబడేదాకా పదును పెట్టుకున్నాడు. వినగలవాళ్లందరూ మర్యాదకు గుడ్డ కప్పి ఊరుకున్నారు. ఇంత తెలిసినా, మిత్రులారా, ఆ క్షణాన అతనికి కలిగింది పశ్చాత్తాపం కాదు. ఆ నాలుగు లెక్కల ధ్వని ఉపేందర్‌కు వినిపిస్తుంది కదా అన్న ఒక్క తలపే పొగలేని కుంపటిలా కడుపులో రాజుకున్నది. సిరి పోయిందని ఏడ్చేవానికి ఓదార్పు ఉన్నది గాని, తాను పోగొట్టుకున్నది పక్కవాని దగ్గర చూసినవానికి లేదు.

పిదప ఉపేందర్ పెట్టెలను కొలిచారు. గీత అటుఇటు చిన్న అలలతో, చివరిదాకా తిన్నగా పోయింది. సారు పద్యం ఒకటి వేశారు. పద్యానికి ముందు సారు గొంతు సవరించుకునే చప్పుడు వినగానే కమలాదేవమ్మ ఉలిక్కిపడి వంటింటి గుమ్మం వైపు చూసింది, ఆయన అక్కడి నుంచే వస్తున్నట్టు. కన్నీళ్లు తుడుచుకొని, అన్నాలు తిన్న తరువాత క్యాసెట్టు వేద్దామన్నది. ఇన్నాళ్లకు మోక్షం వచ్చిందన్నది.

తన పేరు రాసిన క్యాసెట్టు. తన గురువు తనతో పలికే చివరి మాట. అది వేరొకని పెట్టెలో నుంచి పలుకుతుంది!

వెనక వరండాలో విస్తళ్లు వేశారు. చింతచిగురు పప్పు మొదట ఉపేందర్ విస్తట్లో పడింది, దూరం నుంచి వచ్చిన అతిథి అని. రవీందర్ రెండు ముద్దలు మింగి, ఫోను హాలులో మరిచానని లేచాడు. ఎవరూ అనుమానించలేదు. అనుమానించవలసిన మనిషిగా అతడు ఆ ఇంట ఏనాడూ బతకలేదు.

హాలులో ఎవరూ లేరు. కుర్చీలో మైకు నిటారుగా కూర్చొని ఉన్నది. ఉపేందర్ ఎడమ పెట్టె వెనక ఎర్ర తీగ, నల్ల తీగ రెండు మరలకు బిగించి ఉన్నాయి. రవీందర్ వంగాడు. పద్యాలతో పాటు పెట్టెల పని కూడా తెలిసిన సారు నేర్పిన మొదటి పాఠం అతని వేళ్లకే గుర్తున్నది. చిన్న బ్యాటరీ తీగలకు తగిలించి, డ్రైవర్ మధ్యనున్న అట్ట పొర ముందుకు వస్తుందో వెనక్కి పోతుందో చూపించి, రెండు పెట్టెలూ ఒక్కసారే ఊపిరి పీల్చాలె, ఒక్కసారే వదలాలె, లేకుంటే గొంతుకు వెన్నెముక ఉండదని చెప్పేవారు సారు. రవీందర్ ఆ పాఠాన్ని తలకిందులు చేశాడు. ఎర్రదాని చోట నల్లది, నల్లదాని చోట ఎర్రది. మరలు బిగించి, చేతులు ధోతికి తుడుచుకొని, ఫోను పట్టుకొని తిరిగి విస్తరి ముందు కూర్చున్నాడు. తక్కిన అన్నం ఎట్లా తిన్నాడో అతనికి తెలియదు.

కమలాదేవమ్మ బీరువా తీసి, పసుపు గుడ్డలో చుట్టిన క్యాసెట్టు తెచ్చింది. కళ్లకద్దుకొని ఉపేందర్ చేతికిచ్చింది. అందరూ కూర్చున్నారు. ముందు టేపు గుసగుస, ఆ తరువాత దగ్గు, ఆ తరువాత మాట.

“రవీందరూ...”

ఆ పిలుపు ఎదురుగా ఉన్న పెట్టెల నుంచి రాలేదు. పక్క గోడల నుంచో, ఎండిపోయిన బావి అడుగు నుంచో, ఎక్కడి నుంచో తెలియని చోటు నుంచి వచ్చింది. బరువు లేదు, ఛాతీ లేదు. మనిషి పోయి మాట మిగిలినట్టున్నది. రవీందర్‌కు ఇది అందరికంటే ముందు, అందరికంటే స్పష్టంగా వినిపించింది. సన్నని ధ్వనులు పోయినా గొంతు పలికే మేరలో అతని చెవికి సాటి మూడు జిల్లాల్లో లేదన్నది అప్పటికీ నిజమే.

“...నేనొక తప్పు చేసిన. నీకు చెప్పవలసింది...”

“ఆపు బిడ్డా,” అన్నది కమలాదేవమ్మ.

ఉపేందర్ ఆపాడు.  ఇది సారు గొంతు కాదన్నదామె. పొద్దున పద్యం విని ముసలిదాని ప్రాణం ఆశపడిందేమో, ఆశకు చెవులుండవు గద అన్నది.  ఉపేందర్ పెట్టెల వైపు, ల్యాప్‌టాప్ వైపు మార్చి మార్చి చూశాడు. తప్పు తన పనిలోనే ఎక్కడో ఉన్నదని నమ్మినవాని చూపు అది. మరొకరి చెయ్యి ఉన్నదన్న ఊహ ఆ కళ్లలో ఎక్కడా లేదు. అతడు రవీందర్ వైపు తిరిగాడు.

“అన్నా, పొద్దటి గీతకూ ఈ సప్పుడుకూ పొంతన కుదురుతలేదు. నా మైకు గీతలే చూపిస్తది, గొంతు తెల్వది. నీ చెవికి ఏమనిపిస్తున్నది? నువ్వు చెప్తే నమ్ముత.”

సరోజన భర్త వైపు చూసింది. ఆ చూపులో అడగడం లేదు, కనిపెట్టడం ఉన్నది.

 రవీందర్ ఊరకుంటే చాలు, తండా పిల్లవాడు పెట్టెలు సర్దుకొని మానుకోట దారి పడతాడు; సారు గొంతును సారు గొంతుగా పలికించలేనివాడన్న పేరు వానికే మిగులుతుంది. తన పెట్టెలు శాలువాలు కప్పుకొని ఇక్కడే నిలుస్తాయి. గురువు చేసిన తప్పేమిటో మాత్రం తానిక ఎన్నటికీ వినడు.

“వద్దు బిడ్డా, వాన్ని బలవంతపెట్టకు,” అన్నది కమలాదేవమ్మ. “సారు చెప్పిన పెట్టె ఇంక రాలే. నా జన్మల రాదు కావచ్చు.”

ఆమె క్యాసెట్టును బయటికి తీసి, పసుపు గుడ్డలో చుట్టింది. మోకాళ్ల మీద చేతులూని లేచి, బీరువా దాకా నడిచి, దానిని చీరల మడతల కింద దాచి, తలుపు మూసింది. తాళంచెవి రంధ్రంలో పెట్టి తిప్పడం మొదలుపెట్టింది.

రవీందర్ లేచి నిలబడ్డాడు. అతని కాళ్లు సారు కుర్చీ దాటి, ఉపేందర్‌ను దాటి, ఎడమ పెట్టె వెనక్కి నడిచాయి. అందరూ చూస్తుండగానే మోకాళ్ల మీద కూర్చొని, ఎర్ర తీగ మీద వేలు పెట్టాడు.

“అమ్మా,” అన్నాడు.

తాళంచెవి సగంలో ఆగింది.